ఆరు ఎర్ర గళ్లు

కొత్తవాడలో మొగిలయ్య మగ్గం మీద
నా గ్రాఫు కాయితం పరిచాను.
ఆరు వరుసలు, వరుసకు ఆరు గళ్లు,
ఒక్కో వరుసలో ఒక్కటే ఎరుపు.

"ఇదేం డిజైను బిడ్డా,
ఎడమకు కుడి జోడు లేదు.
ఎవరు కొంటరు?"

అమ్మడానికి కాదు బాపూ,
నీళ్లలోకి వదలడానికి.

మూడుతో మొదలుపెట్టు,
మూడుతోనే హెచ్చవేస్తూ పో.
ఏడు నిండినప్పుడల్లా ఏడు పారెయ్,
మిగిలింది రాసుకో.
మూడు, రెండు, ఆరు, నాలుగు, ఐదు, ఒకటి.
తర్వాత మళ్లీ మూడే,
రాట్నం పాత ఆకు దగ్గరికే వచ్చినట్టు.

ఆయన బొటనవేలు కణుపుల మీద నడిచింది.
"గుండ్రంగ తిరిగేదాన్ని పట్టుకొచ్చి
తిరిగిరాని బొమ్మ జేసినవ్."

నాలుగేళ్ల నా చదువు
ఒక్క బీడీ దమ్ములో అయిపోయింది.

నీ జంపఖానా నాలుగు బెత్తలు జరిపితే
తన మీద తనే సర్దుకుని కూర్చుంటుంది.
దాని అందమే అది.
నా ఆరు కూతలకి ఆ అందం పనికిరాదు.
వడ్డేపల్లి చెరువులో ఏదో రాయికి తగిలి
ఆలస్యంగా, గొంతు మారి వచ్చే ప్రతిధ్వనిని
అసలు చోట తప్ప ఎక్కడ పరిచి చూసినా
ఒక్క గడికి మించి కలవకూడదు.
అప్పుడే రాయి ఎక్కడుందో తెలుస్తుంది,
అది రాయో, కదిలే చేపల గుంపో కూడా.

సోమవారం, జానెడు ముక్క నేసి ఇచ్చాడు.
పలచటి ప్లాస్టిక్ కాయితం మీద దాని నకలు తీసి
ఆయన చేతికే ఇచ్చాను, జరపమని.
ఒక వరుస ముందుకి, నాలుగు గళ్లు పక్కకి...
రెండు ఎరుపులు
రెండు ఎరుపుల మీద వాలాయి.

చివరి వరుసల్లో ఐదూ ఒకటీ తారుమారు.

"కరెంటు పోయిందా టైముకు" అన్నాడు.
నన్ను చూడలేదు.
ముక్కని మళ్లీ మళ్లీ జరిపి
అదే చోట దొంగని పట్టుకుంటున్నాడు.
కాసేపటికి నవ్వి, పోగులు ఊడదీస్తూ,
"పది వరుసలది ఉంటదా?"

ఉంటుంది. ఏడు బదులు పదకొండు పారెయ్,
రెండుతో మొదలుపెట్టు.

నేను గడప దాటాను.
వెనక గుంటలో కాళ్లు ఆడటం లేదు,
మగ్గం చప్పుడు లేదు.
రెండు, నాలుగు, ఎనిమిది,
ఐదు...