ఫీలవ్వకు

మా కొట్లో ఆ మాట
రోజుకి నూటయాభై సార్లు వాడతాను.
వస్త్రలతలో, రెక్క విరిగిన ఫ్యాను కింద,
చీర మడత విప్పి ఒళ్ళోకి జార్చి
"ఫీల్ చూడండమ్మా" అంటాను.
ఆవిడ చూడదు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పెట్టి నలుపుతుంది,
కళ్ళేమో ఎదురుకొట్టు బొమ్మ మీద.
ధర చెప్పగానే గుడ్డ గరుకెక్కుతుంది.

అదే మాట ఇంటికొస్తే వేరే పని చేస్తుంది.
శుభలేఖలో తన పేరు కింద వరసలో వేశారని
మా ఏసోబు బావ ఫీలయ్యాడు.
నాలుగేళ్ళయింది. ఇంకా అవుతూనే ఉన్నాడు.
కొత్త బండి కొన్న మేనల్లుణ్ణి చూసి
"వీడేంట్రా, పెద్ద ఫీలవుతున్నాడు" అంటారు బజార్లో.
వాడు అయింది సంతోషమే పాపం,
కాస్త పైకి కనబడిందంతే.
నా చిట్టీ డబ్బు మింగినవాడైతే
టీ తాగించి మరీ, భుజమ్మీద చెయ్యేసి,
"ఫీలవ్వకు అన్నా" అన్నాడు.
అంటే
నీకు గుచ్చుకుందని తెలుసు,
నా ఎదురుగా మాత్రం గుచ్చుకోనివ్వకు, అని.

పోయిన మంగళవారం సలోమక్కని
గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించాను.
పదమూడేళ్ళ షుగరు.
ఆటో సైలెన్సరుకి ఆనిన కాలు
కాలిన వాసనొచ్చాక చూసుకుందట.
"ఎవరిదో అనుకున్నా" అంది.

హౌస్‌సర్జన్ పిల్ల, రాత్రంతా నిద్రలేని కళ్ళు.
గాలం దారంలాంటిదేదో తీసింది.
"కళ్ళు మూసుకోమ్మా. ఇక్కడ ఫీలవుతోందా?"
అక్క కళ్ళు మూసుకునే
"నేనెందుకు ఫీలవుతా తల్లీ,
నీ పని నువ్వు చేసుకో" అంది.
పిల్ల నవ్వలేదు. బొటనవేలి కింద పొడిచింది.
"ఇక్కడ?"
"లేదమ్మా."
"ఇక్కడ?"
"చెప్తున్నాగా, నేనేమీ అనుకోను."

పది చోట్ల పొడిస్తే
ఏడు చోట్ల మా అక్క ఆ పిల్లని క్షమించింది.
కాగితం మీద ఏడు సున్నాలు పడ్డాయి.

ఆ మాట అమ్ముకుని బతికేవాణ్ణి,
విప్పి చెప్పాల్సింది నేనే.
"అది కాదక్కా. తగులుతోందా అని అడుగుతున్నారు."
అక్క కళ్ళు తెరిచింది.
ఎండ తగిలి పడిపోయిన మనిషి ఆమె,
ఎవరి ఉసురో తగిలిందని పదేళ్ళు ఉపవాస ప్రార్థనలు చేసిన మనిషి,
తాగొచ్చిన బావ చెయ్యి తగిలితే
తలుపు తగిలిందని చెప్పుకున్న మనిషి.
కాళ్ళ వంక చాలాసేపు చూసి
"అదా. అదెప్పుడో మానేసింది" అంది,
పనమ్మాయి గురించి చెప్పినట్టు.

చేతులకి మాత్రం ఇంకా ఉంది.
యార్డులో ఇరవై రెండేళ్ళు
కిలోకింతని తేజ మిరపకాయల తొడిమలు తుంచిన చేతులు.
మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా
అర్ధరాత్రి లేచి మండుతాయి.
మంట లేనిరోజు, ఆ రోజు కూలీ లేనట్టేనట.
పైన అంతా ఇచ్చి కింద కోసేశాడ్రా దేవుడు, అని
మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి రైకలో దోపుకుంది.

బస్టాండులో నన్నెక్కించడానికి తనే వచ్చింది,
కుంటుతూ. వద్దంటే వినలేదు.
నా చొక్కా అంచు పట్టి నలిపింది.
"ఏం గుడ్డరా ఇది?"
"మా కొట్లోదే. ఎలా ఉంది?"
"ఏమో. నా వేళ్ళకి అన్నీ ఒకటే మంట."
నా కంట్లో దుమ్ము పడింది.
చిన్నప్పట్లాగే గెడ్డం పట్టి ఎత్తి
చూపుడువేలితో తీసింది.
నిప్పు పెట్టినట్టయింది.
నీళ్ళు ధారగా కారుతుంటే
"ఛ, ఏడుస్తావేంట్రా, ఫీలవ్వకు" అంది.

మిరపకాయే అక్కా అన్నాను.
సగం నిజమే.
బస్సు మంగళగిరి దాటేదాకా
ఎడమకన్ను తెరుచుకోలేదు.