చేతుల లెక్క

ఏప్రిల్ ఆఖరు. రాత్రి తొమ్మిదైనా
బడి వ్యాయామశాల కిటికీల్లో వెలుగు ఆరలేదు.
పైకి లాగి కట్టిన తాళ్ల కింద
నలభై ఒక్క మందిమి, నలభై ఒక్క పసుపు కార్డులు.
నార్వే పటం పైఅంచున మా ఊరు. జనం మూడు వేలు.
మిగతావాళ్లు ఇళ్లలో రేపటి గాలి ఎటో చూసుకుంటున్నారు.

తీర్మానం పద్నాలుగు:
ద్వీపం మీది గ్యాస్ ప్లాంటు ఇకపై తన గ్యాసు తాను తగలెయ్యదు,
కరెంటుతో నడుస్తుంది.
కరెంటు గాలిమరలు ఇస్తాయి.
గాలిమరలకు చోటు కొండ ఇస్తుంది.
కొండ ఎవరిస్తారో కాగితంలో లేదు.

ఇక్కడ నెగ్గితే జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి.
అక్కడ మంత్రి గొంతు సవరించుకుని
"మా కార్యకర్తలే కోరారు" అంటాడు.

నేను గూద్‌వైగ్‌ని. పడవల రేవులో ముప్పై ఏళ్లు టికెట్లు చింపాను.
లెక్క తప్పదని పేరు,
అందుకే ప్రతిసారీ పెన్సిలు నాకే ఇస్తారు.

ఉడ్‌లైఫ్ లేచాడు, ప్లాంటులో వెల్డరు.
"కరెంటు రాకపోతే ప్లాంటు మూత. ప్లాంటు మూతపడితే ఈ బడి మూత.
అప్పుడు మీటింగులు చేపల షెడ్డులో పెట్టుకుందాం."
నవ్వారు. తను నవ్వలేదు.

అతని పక్కనే ఎస్కిల్, పంతొమ్మిదేళ్లవాడు.
మూడు వారాల కిందట పదకొండు మంది స్నేహితుల్ని వెంటేసుకొచ్చి
సభ్యత్వం కట్టాడు, ఈ ఒక్క ఓటు కోసం.
పోయిన ఏడాది ఇదే వెల్డరు ముందు అట్ట పట్టుకుని అరిచినవాడు.
ఇవాళ ఒకే వరుస. కాఫీ ఫ్లాస్కు చేతులు మారింది.

అవతలి వరుసలో యోవ్నా, రెయిన్‌డీర్ల కాపరి,
పార్టీలో ఇరవై రెండేళ్లు. అతని పక్కన
వాతావరణం మారడం వట్టి బూటకమనే ముసలి తుర్‌గైర్.
యోవ్నా కుర్చీ కాస్త ఎడంగా జరుపుకున్నాడు.
వరుస మాత్రం మారలేదు.

"ఈనే తల్లికి చప్పుడు పడదు" అన్నాడు.
"చలికాలంలో వాన పడుతోంది. నాచు మీద నీళ్లు గడ్డకట్టి
డెక్కకు లొంగడం లేదు. అది మీ పొగ.
ఇప్పుడు పొగకు మందంటూ కొండ అడుగుతున్నారు.
రోగమూ నాకే, మందు ఖర్చూ నాకే."
ఎవరిదో బూటు నేల మీద కిర్రుమంది.

రాజధాని నుంచి ఫోను. ఒక సవరణ:
"తగిన సంప్రదింపుల అనంతరం" అని చేర్చమని.
పామూ చావదు, కర్రా విరగదు.
మా అక్షాంశంలో పాములుండవు, కర్రలే.
అది వీగిపోయింది.

ఇక అసలుది. కార్డులు లేచాయి.
చెయ్యెత్తడానికీ చేతులెత్తేయడానికీ
తేడా ఒక్క చెయ్యే అనిపించింది.
ఇరవై. మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై.
వ్యతిరేకం, ఇరవై.

అధ్యక్షురాలు బెరిత్ నా వైపు తిరిగింది:
"గూద్‌వైగ్, నీది?"
నాకూ ఒక చెయ్యి ఉందనీ
దాంట్లో పెన్సిలుందనీ అప్పుడు గుర్తొచ్చింది.

ఏం తూచానో చెప్పలేను.
మనవరాలి ఉబ్బసం తలుచుకున్నానంటే బావుండేది, నాకు మనవరాళ్లు లేరు.
ఉడ్‌లైఫ్ మాడిన గోళ్లు కనిపించాయి.
కొండ చూద్దామంటే కిటికీ అటు లేదు.
పెన్సిలు చెవిలో దోపి
కార్డు ఎత్తాను.

మీటింగు రాత్రుళ్లు నన్ను ఇంటికి దింపేది యోవ్నాయే, పదేళ్లుగా.
ఎప్పట్లాగే వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు.
దారంతా హీటరు ఒక్కటే మాట్లాడింది.

మలుపు దగ్గర ఆపాడు. ఇంజను కట్టేశాడు.
చూలువి రోడ్డు దాటుతున్నాయి,
ఎవరి తీర్మానమూ తెలియని బరువు నడకతో, కొండ వైపు.
యోవ్నా పెదవులు కదులుతున్నాయి.
మందలో ఎన్నని కాపరిని అడగరు మా దగ్గర,
అది పక్కవాడి పాసుపుస్తకం తెరవడం.
సాయంత్రమంతా లెక్కపెట్టినదాన్ని
చేతులు ఒళ్లో పెట్టుకుని
చివరిది దాటేదాకా కూర్చున్నాను.

"అద్దం తుడువు" అన్నాడు, "ఊపిరికి మసకేసింది."
తుడిచాను.
నా చెయ్యి నా వైపుకే అందింది.