నా ఎదుట

నిబంధన ఇలా ఉంది:
మొహమూ కాగితమూ ఒకే చట్రంలో కనపడాలి.
చెయ్యి సగంలో తెగిపోకూడదు.
ఫోను నలుమూలలా తిప్పించి
పక్కన బెదిరించేవాళ్లు ఎవరూ లేరని చూసుకోవాలి.
లైను తెగితే మళ్లీ మొదటికి రావాలి.

నైన్‌లో మూడు రోజులుగా విమానం దిగలేదు.
ఇక్కడ గూస్ బేలో, నా వంటింటి బల్ల మీద
ముద్ర, సిరాదిండు, చల్లారిన టీ.
ఇరవై ఆరేళ్లు బడి గుమాస్తాగా చేసి
ఇప్పుడు ఊళ్లవాళ్ల ఒట్లు వింటున్నాను.
చలికాలంలో డబ్బు తీసుకోను.

తెర మీద హుల్డా ఇట్టులాక్.
గది చూపించమన్నాను.
చూపించింది: పొయ్యి, పైన తాడుకు ఆరేసిన చేతితొడుగులు
రెండు జతలు, ఒకటి బాగా పెద్దది,
కుర్చీలో పిల్లి.
"ఇది బెదిరిస్తుంది, రాసుకోండి" అంది.

బైబిల్ ఉందా అని అడగాలి. అడిగాను.
"ఉంది. దాన్ని ఇందులోకి లాగను.
మా మొరేవియన్ పెద్దలు ఒట్టు పెట్టేవాళ్లు కాదు.
అవునంటే అవును, అంతే."
సరే, దానికీ ఫారంలో ఒక గడి ఉంది.
టిక్కు పెట్టాను.

సెయింట్ జాన్స్ వకీలు క్లుప్తంగా రాసి పంపాడు,
కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు.
జేబెజ్ ఇట్టులాక్ నవంబరు పంతొమ్మిదిన
మంచుబండి మీద కట్టెలకు వెళ్లాడు.
కొట్టాడు కూడా, మొదళ్లు లెక్కపెట్టారు, పదకొండు.
తెచ్చె మాత్రం లేదు.
ఆ ఏడు సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది.
బండి దొరకలేదు. వెనక కట్టిన చెక్కజారుడు దొరికింది,
దుంగలతో సహా, నీటి అంచున.
తాడు తెగలేదు. కోసి ఉంది.

నాలుగో పేరా:
నా భర్త చనిపోయాడని నమ్ముతున్నాను.
అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది,
నోరు సగం తెరుచుకుని, కలం గాలిలో.
నిమిషమో, రెండో.
తిరిగి వచ్చేసరికి కలానికి మూత పెట్టి ఉంది.
"పెట్టేశాను."
"నేను చూడలేదు."
"నేను చూశాను కదా."
"నేను చూడాలమ్మా."
అన్నాక నా గొంతు నాకే నచ్చలేదు.

సాక్షి అంటే కళ్లున్న మనిషి.
నా కళ్లు ఏ ఉపగ్రహం దగ్గరో చిక్కుకున్నాయి,
అందుకని ఆమె మళ్లీ చెప్పాలి.

కొత్త ప్రతి. మళ్లీ గది. పిల్లి కదల్లేదు.
మళ్లీ కార్డు చెంప పక్కన ఎత్తి పట్టుకుని
పేరు, పుట్టినరోజు.
మళ్లీ కట్టెలు, మళ్లీ పదకొండు, మళ్లీ తాడు.
నాలుగో పేరా దగ్గర ఆగింది.
మళ్లీ లైను పోయిందనుకున్నాను,
ఆమె వెనక గోడ గడియారం ముల్లు కదులుతోంది.

"ఎవరూ చూడనప్పుడు పెట్టగలిగాను" అంది.
"మీరు చూస్తుంటే చెయ్యి రావడం లేదు."

దీనికి నిబంధన ఏదీ లేదు, వెతికాను.

"దిద్దవచ్చా?"
"దిద్దవచ్చు. దిద్దిన చోట పొడి అక్షరాలు పెట్టాలి."
దిద్దితే మంచిదా అని అడగలేదు,
అడిగినా నేను చెప్పకూడదు.
అడ్డంగా గీత కొట్టింది, పైన రాసింది,
తడి ఆరకముందే కెమెరాకు ఆనించేంత దగ్గరగా ఎత్తింది:
నా భర్త ఇంటికి రాలేదు.
వచ్చే మనిషే.

కోర్టు ఒప్పుకుంటుందో లేదో తెలియదు.
నిజాన్ని తూచే తక్కెడ నాకివ్వలేదు;
చెప్పింది ఈమేనని,
ఈ చేత్తోనేనని చెప్పడం వరకే నాది.
హ. ఇ. అని పెట్టింది. తర్వాత చేవ్రాలు,
నిదానంగా, బడిపిల్ల గుండ్రటి అక్షరాలతో.
చెయ్యి, కాగితం, మొహం.
చూశాను. కళ్లు తిప్పుకోవాలనిపించినా
తిప్పుకోలేదు.

అడుగున ఎప్పటినుంచో అచ్చులో ఉన్న మాట: నా ఎదుట.
దాని కింద కొత్త ముద్ర కొట్టాలి,
దృశ్య శ్రవణ సాధనం ద్వారా అని.
కొట్టాను. కొంచెం వంకరగా పడింది.

"మొదటి కాగితం?"
"అది చెల్లదు. మీ ఇష్టం."
పొయ్యి వైపు చూసింది.
మడిచి పిల్లి కింద పెట్టింది.

ఫోను పెట్టేసేముందు
"మీ గది చూపించండి" అంది.
తిప్పాను: ముద్ర, టీ, ఒక కుర్చీ,
కిటికీలో అవతల అక్కడిలాగే ఎగిరే మంచు.
"పక్కన ఎవరూ లేరు" అంది.
"లేరు" అన్నాను.