సీలు నంబరు

లైబ్రరీ వెనక, పుస్తకాలు తిరిగేసే తొట్టి పక్కన
నాలుగు బోల్టులతో కాంక్రీటులోకి దిగ్గొట్టిన ఇనప పెట్టె.
నోరు వేలెడు మందం కూడా లేదు.
కవరు పడుతుంది. చెయ్యి పట్టదు.

రోజూ సాయంత్రం ఐదున్నరకి, వానలోనే,
హెరన్ పాయింట్‌లో అక్టోబరంటే వానే కాబట్టి,
వ్యాను దిగుతాం, ఒడెల్లా ప్రూయిట్, నేనూ.
ఆవిడ పార్టీ వేరు. నాది వేరు.
కౌంటీ ఆఫీసు కావాలనే ఇలా జత కట్టింది.
ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు కదా,
అందుకని ఇంట్లో ఇద్దర్ని పెట్టి
ఒకరి కళ్ళు ఒకరి చేతుల మీద ఉంచారు.
పై తాళం చెవి ఆవిడ దగ్గర, కింది తాళం చెవి నా దగ్గర.

ముందు సీలు.
"సున్నా, నాలుగు, ఏడు, ఏడు, రెండు."
ఆవిడ చదువుతుంది, ఒక్కో అంకె కింద గోరు ఆనించి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన గోరు.
నేను పుస్తకంలో చూసి "ఊఁ" అంటాను.
పీతల పడవ మీద బతికినవాణ్ణి, ముడి చూస్తే చాలు
ఎవరు వేశారో చెప్పగలను.
అంకెలకి మాత్రం కళ్ళజోడు కావాలి.

ఆ మంగళవారం తెల్లవారుజామున మూడింటికి
ఎవడో ఆ సన్నటి నోట్లో నిప్పు కుక్కాడు.
కెమెరాకి దొరికింది ఒక టోపీ, కొంత వాన,
వెనక దీపం ఒకటి వెలగని కారు.
తెల్లారేసరికి కాఫీ కొట్లో ఆ టోపీ కింద రెండు మొహాలు మొలిచాయి:
మా బల్ల దగ్గర వాళ్ళ మనిషి,
వాళ్ళ బల్ల దగ్గర మా మనిషి.
వ్యానులో ఆ రోజు వైపర్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
ఫ్లాస్కు మూత తియ్యలేదు.

పెట్టె తెరిస్తే లోపల మంటలార్పే పొడి,
గోధుమపిండి డబ్బా తిరగబడినట్టు.
ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాం.
ఆవిడకి నలభై మూడు. నాకు నలభై రెండు.
మళ్ళీ. నలభై మూడు. నలభై రెండు.
"నీ కళ్ళజోడు తుడుచుకో, వెర్లిన్."
"నీ వేళ్ళు తుడుచుకో."
మూడోసారి ఒకదాన్ని అరచేతిలో పెట్టి ఊపి చూసింది.
"ఇది ఒకటి కాదు," అంది.
వేడికి అతుక్కుపోయిన రెండు కవర్లు, ఒకే చిరునామా,
మొగుడూ పెళ్ళాలవి కాబోలు.

నా జేబులో పీత గుల్ల ఒలిచే చాకు ఉంది.
పొర చినగకుండా విడదీశాను, ఆవిడ దీపం పట్టుకుంటే.
పై కవరుకి పావలా బిళ్ళంత కన్నం.
అందులోంచి బ్యాలెట్ కాగితం,
నల్లగా నింపిన ఒక గుండ్రం అంచు,
పక్కనే ఒక పేరుకి మొదటి అక్షరం కాబోయేది.
చూడాలని నా మెడ వంగింది. అబద్ధమెందుకు.
ఆవిడ అరచెయ్యి అప్పటికే దాని మీద ఉంది.
ఆవిడా చూడలేదు, తల పక్కకి తిప్పి
కార్లు ఆపే చోట తెల్లగీతల్ని లెక్కపెడుతోంది.

తర్వాత ఫోన్లు, ఒక్కొక్కరికీ.
సగం కాలిన పేరుని పిలవడం కష్టం.
టొర్వాల్డ్ ఎస్కెలాండ్, తొంభై ఒకటి,
చేతికర్ర చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు.
కొత్త కాగితం అటూ ఇటూ తిప్పి
"ఈలోగా నా మనసు మారితే?" అన్నాడు.
"మార్చుకోండి," అంది ఒడెల్లా.
"అయితే మార్చను," అన్నాడాయన, అలిగినట్టు.

శుక్రవారానికి కొత్త పెట్టె వచ్చింది.
రంగు వాసన ఇంకా పోలేదు. ఈసారి బోల్టులు ఆరు.
మొదటి కవరు వేసినావిడ
దాన్ని రెండుసార్లు తట్టి వెళ్ళింది, గుర్రాన్ని తట్టినట్టు.

ఆ సాయంత్రం సీలు చదవడం నా వంతు.
"సున్నా, ఐదు, ఒకటి, ఒకటి, తొమ్మిది."
పుస్తకం మీంచి తలెత్తి ఒడెల్లా నన్ను చూసింది.
"మళ్ళీ చదువు."
కళ్ళజోడు మీద వాన తుడుచుకుని
గోరు ఆనించి, మళ్ళీ చదివాను.
వెనకాల ఫ్లాస్కు మూత తిరుగుతున్న చప్పుడు.