ఒంటికాలి మీద

మా ఇంట్లో ఒంటికాలి మీద లేవడమంటే
నాన్న కోపం.
ఇక్కడ డండీలో, మంగళవారం పదిన్నరకి,
చర్చి హాల్లో కుర్చీ వీపు పట్టుకుని
పద్నాలుగుమందిమి లేస్తాం
ఎవరి మీదా కోపం లేకుండా.

"బొడ్డుని వెన్నుకి అతికించండి" అంటుంది ఐలా.
అంటే నడుం బిగించమని.
డెబ్భై రెండేళ్ళకి తెలిసింది నాకు
ఆ మాటలో నిజంగా ఒక కండ ఉందని.

ముప్పై ఏళ్ళు ఎక్స్-రే గదిలో
విరిగిన తుంట్లు చూశాను.
వీధిలో మంచు కన్నా
స్నానాలగది చాపే ఎక్కువమందిని పడేసింది.
"ఏం లేదమ్మా, ఊరికే వెనక్కి తిరిగానంతే"
అనేవాళ్ళు అందరూ,
సిగ్గుపడుతూ.

నా పక్కన ఎఫీ. ఎనభై ఆరు.
జనపనార మిల్లు మగ్గాలు తినేసిన చెవులు.
ఐలా లెక్క వినపడదు, పెదాలు చూస్తుంది.
ఐలా అటు తిరిగితే నా పెదాలు.
నేనేమో, కాలు వణికితే చాలు,
తెలుగులో లెక్కపెడతాను.

"చివరికి ముందు పెదాలు అతుక్కుంటాయే
అదేం అంకె?" అంది ఓ రోజు టీ దగ్గర.
తొమ్మిది.
బిస్కెట్టు టీలో విరిగిపడేదాకా
నేర్చుకుంది.

ఇవాళ కుర్చీలు గోడకి జరిపేశారు.
మోకాలెత్తాం. కిటికీ అవతల టే నది,
దాని మీద నిదానంగా రైలు.
ఆరు. ఏడు.
నా చొక్కా చెయ్యి మీద ఎఫీ చూపుడువేలు,
పట్టుకోలేదు, ఆనించింది.
ఎనిమిది.
తొమ్మి... దగ్గర ఆగిపోయింది,
పెదాలు బిగించి.

కాలు దించలేదు.