అరవై మూడో భాగం

గురువారం రాత్రి పది దాటాక వస్తుంది.
పదిన్నరకి రావొచ్చు, పదకొండుకి రావొచ్చు,
ఆ రాసే మనిషికి ఇంట్లో ఎన్ని పనులో.
పేరు లేదు, రెండక్షరాలు: వ. సు.
మగో ఆడో తెలీదు.
నేను మాత్రం గాజులు వేసుకోని ఆడమనిషని అనుకున్నాను,
ఎందుకో అడక్కండి.

పోర్టులో నా పని లెక్క రాయడం.
ఏ బెర్తులో ఏ ఓడ, ఎన్ని బస్తాలు దిగాయి,
ఎన్ని చిరిగాయి.
ఓడలు పేర్లు మార్చుకుంటాయి, మీకు తెలుసా?
చేతులు మారినప్పుడల్లా కొత్త పేరు రాస్తారు.
కానీ పాతదాన్ని వెల్డింగుతో పొడిచి ఉంటారు కదా,
ఎన్ని పూతలు వేసినా
పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే
చర్మం కింద నరాల్లా అక్షరాలు తేలతాయి.

నా గేటు పాసు మీద సన్యాసమ్మ.
అమ్మ మొక్కుకున్న పేరు.
నలభై రెండేళ్ళుగా దాని మీద ఎవరూ ఏ పూతా వెయ్యలేదు.

కథలో వకుళ అని ఒకామె.
జిరాక్సు కొట్టు. ఎదుటి మేడ మీద అద్దెకి దిగిన
నఫీసా, భూములు కొలిచే ఉద్యోగం.
అంతే. చాలా వారాలు ఇంకేం జరగదు.
ఆమె ఆధార్ కార్డు ఈమె జిరాక్సు తీస్తుంది.
ఫొటోలో బాగా రాలేదు మీరు, అంటుంది.
ఆ ముక్క దగ్గర నేను
మంచం మీంచి లేచి మంచినీళ్ళు తాగాను.

"ఏటే అర్ధరాత్రి ఆ ఫోనులో?" అంటుంది అమ్మ.
"సీరియలే."
"మరి మాటలు వినబడవేటి?"

వినబడతాయి.
ముప్పై నాలుగో భాగంలో నఫీసా గొడుగు మర్చిపోయింది.
వకుళ మూడు రోజులు తిరిగి ఇవ్వలేదు.
కొట్టు మూసాక, విప్పి, దాని కింద కూర్చునేది.
ఫోను బోర్లా పెట్టేసాను.
ఎవరు చెప్పారు వీళ్ళకి?

మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజు
ఎస్తేరు తన రెయిన్‌కోటు మా షెడ్డులో వదిలేసింది.
పసుపు పచ్చది, మెడ దగ్గర కొబ్బరినూనె వాసన.
సోమవారం తీసుకుంటానంది.
ఆ రెండు రాత్రులూ ఇంటికి తెచ్చి
తలుపు వెనక మేకుకి తగిలించి
దానికి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.
ఆ ఏడే ఎస్తేరు కాకినాడ వెళ్ళిపోయింది.
దాన్ని ఏమంటారో ఎవరూ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
లెక్క పుస్తకంలో ఆ గడి లేదు.

ఈ శుక్రవారం సాయంత్రం
సింధియా నుంచి వచ్చే బస్సు, కాన్వెంట్ జంక్షన్‌లో ఎక్కాను.
కిటికీ చువ్వల మీద బొగ్గు పొడి.
ముందు సీట్లో ఒక గుంట, నర్సింగ్ చదువు కాబోలు,
తెల్ల కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.
భుజం మీంచి చూసాను. తప్పే.
వకుళ అన్న పేరు కనబడింది.

ఇన్ని లక్షల మంది ఉన్న ఊళ్ళో
నేనొక్కదాన్నే అనుకున్నాను, అది చదివేది.
కాదు,
చదివేదాని గురించి కాదు నేను అనుకున్నది.

ఆ పిల్ల నెమ్మదిగా చదువుతుంది.
నేను రాత్రే చదివేసాను, నాకు తెలుసు,
ఇంకో రెండుసార్లు పైకి తోస్తే
వకుళ ఏదో అప్లికేషను నింపుతూ
భర్త లేదా తండ్రి పేరు దగ్గర ఆగి
పెన్ను నఫీసా చేతికిస్తుంది.
మీ పేరు మీరే రాయండి, అంటుంది.

పూర్ణా మార్కెట్ వచ్చింది. నేను దిగాలి.
కరివేపాకు మోపులు, మల్లెల గంపలు, తోపులాట.
ఆ పిల్ల ఇంకా ఒక పేరా వెనకుంది.
దిగలేదు.
బస్సు గుంతలో పడి బొటనవేలు జారింది,
మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది.
చేరింది.
వేలు గాలిలో ఆగిపోయింది.
ఎంతసేపంటే
తెర దానంతటదే ఆరిపోయి
నల్లటి అద్దంలో తన ముఖం,
వెనకాల, కొంచెం పక్కకి, నాది.

ఏమీ అనుకోలేదు ఇద్దరం.

జగదాంబ దగ్గర కండక్టరు గుర్తుపట్టాడు.
"ఏటమ్మా, మార్కెట్టని చెప్పి దిగలేదేటి?"
దాటిపోయానన్నాను.
పర్సు తీయబోతే నవ్వాడు.
"జీరో టికెట్టే కదమ్మా,
నీకు నచ్చిన కాడ దిగు."