గంపల మనిషి

విజయవాడ నుంచి కొరుక్కుపేటకి
గీత గీసినట్టు పోతే మూడు వందల డెబ్బై ఏడు కిలోమీటర్లు.
పట్టాల మీద నాలుగు వందల ముప్పై ఒకటి.
మిగతా యాభై నాలుగూ నావి,
రెక్కల్లేనందుకు కట్టే సుంకం.

శుక్రవారం సాయంత్రం క్లబ్బువాళ్ళు గంపలు అప్పజెప్తారు.
గంపకి ఇరవై పావురాలు, కాలికో రబ్బరు ఉంగరం.
లగేజీ పెట్టెలో వాటి పక్కనే నా పడక.
గూడూరు దాటాక నీళ్ళు పోస్తే
తాగి, మళ్ళీ వెనక్కే మొహం పెడతాయి.
ఆ చీకట్లో చెన్నపట్నం ఎటో వాటికెవరు చెప్పారో.

ఆరింటికి కృష్ణ ఇసుకలో మూతలు తీస్తాను.
దుమ్ము, ఈకలు, చెంపమీద కొట్టినట్టు గాలి.
రెండు చుట్లు తిరిగి
ఏదో గుర్తొచ్చినట్టు ఒక్కసారిగా అటు.
అవి మిద్దె మీద సజ్జలు తినేవేళకి
నేను ఒంగోలు దగ్గర పొట్లం విప్పుతుంటాను.
పద్దెనిమిదేళ్ళుగా ఇంతే.

మొన్న మాసిలో మునిరత్నం,
మనవడు పుట్టిన సంతోషమో, ముందురాత్రి తాగిన సంతోషమో,
విమానం టిక్కెట్టు చేతిలో పెట్టాడు.
"ఒక్కసారైనా వాటిని గెలవరా, చెంగల్రాయా."

టిక్కెట్టు మీద ఉంది: గంటా పది నిమిషాలు.
గంపలు పార్సిల్లో వేయడం, గన్నవరానికి ఆటో,
నా జేబులో జొన్నలు చూసి
పోలీసమ్మాయి అడిగిన ప్రశ్నలు దాన్లో లేవు.
కిటికీలోంచి చూస్తే మబ్బు.
దాని కింద ఎక్కడో నా నూట అరవై.
వాటి తలమీదుగా పోతున్నాను,
దొంగతనంగా.

పదిన్నరకి మిద్దె ఎక్కాను.
గడియారం పెట్టె ఒళ్ళో పెట్టుకుని మునిరత్నం,
బీడీ ముట్టించడం మరిచి జ్ఞానమూర్తి.
ఉత్తరాన ఒక టవరు, దాని పక్కన ఖాళీ.
అందరూ ఆ ఖాళీనే చూస్తున్నారు.
దూరాన్ని మోయడమే తెలుసు నాకు,
ఇలా కూచుని చూడటం తెలీదు.
కాకి వచ్చినా గుండె లేస్తుంది.
గద్దయితే, అంతే.

పన్నెండూ ఐదుకి ఒక చుక్క. తర్వాత మూడు.
డబ్బా గలగల, "వా, వా!"
మా పేటలో పిలుపు అరవంలో,
ఆలస్యమైతే తిట్టు తెలుగులో.

పొద్దు వాలేసరికి మునిరత్నం గూట్లో పదకొండు.
పంపింది పన్నెండు.
ఎర్రకన్ను బూడిద పెట్ట రాలేదు.
"మూత తీసింది నువ్వే కదా, బాగానే లేచిందా?"
బాగానే, అన్నాను.
ఈ ప్రశ్న నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు.
నేను రైలు దిగేసరికి
వాళ్ళు ఎదురుచూడటం మానేసి ఉండేవాళ్ళు.

పుస్తకంలో దూరం గడి నింపారు.
సమయం గడిలో అడ్డగీత.
పెట్టె మూసి అందరూ దిగిపోయారు.
నేను దిగలేదు.

వీధి దీపాలు పడ్డాక ధనకోటి పైకొచ్చింది.
ముందొచ్చినవాడివి ఇంట్లోకి రావా, అని అడుగుతుందనుకున్నా.
అడగలేదు.
గోడకి మోచేతులు ఆన్చి, అలవాటైన చోటులో నిలబడి
నా గడ్డం పట్టి కాస్త పక్కకి తిప్పింది:

"అటు కాదు, ఆ నీళ్ళ ట్యాంకు పక్కన చూడు.
నీ రైలు దీపం
ముందు అక్కడే కనిపిస్తుంది."